గుహాంధకారమున వెలుగు పురుగు

గడచిన వర్షాకాలమున నొకనాటి సాయంకాలము ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు అగ్గిపెట్టెలో మిణుగురు పురుగును పెట్టుకొని నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, న్యూజీలండు దేశమున నొక గుహ యున్నదనియు, దాని కప్పంతయు మిణుగురులతో నిండి నక్షత్రములవలె వెలుగుననియు మా చిన్నాన్న చెప్పెను. అవియు నివియు నొకటియేనా?" యని యడిగెను. నాకు అప్పుడు తొందర పని యుండెను. "ఒకటియే నాయనా, దేశమునుబట్టి కొంచెము భేద ముండవచ్చును" అని చెప్పి వెడలిపోతిని. ఆ రాత్రి పుస్తకము తెఱచి చూడగా నేను చెప్పినది శుద్ధ తప్పని తేలినది. మన మిణుగురు పెంకుపురుగుల వర్గములోనిది. ఆ గుహలోని పురుగు దోమలు, ఈగలు చేరిన రెండు ఱెక్కల పురుగుల వర్గములోనిది. ఈ రెంటికిని గల చుట్టరికము గుఱ్ఱమునకును గబ్బిలమునకును గల చుట్టరికము కంటె దగ్గఱది కాదు. మఱునాడే బాలుని పిలిచి నిజము చెప్పితిని గాని, నా మొదటి మాట అప్పటికే తరగతి యంతయు పాకినది. అర్ధసంవత్సర పరీక్షలో నిద్దఱు దానినే వ్రాసిరి. వారికి మార్కులు తగ్గించుటకు నాకు చేయి రాలేదు. కావున ఆ తప్పును ఈ పత్రికలో సరిదిద్దుట నా విధి యని యెంచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఒక యూరట మాత్రము కలదు. ఈ తప్పు నాకంటె ముందు విద్వాంసులును చేసిరి. ఈ పురుగును గూర్చి యైరోపా వారి వ్రాతలలో మొదటి ప్రస్తావము 1871లో కనబడుచున్నది. న్యూజీలండులోని థేమ్సు ప్రాంతమున నొక బంగారు గనిలో దానిని పట్టిరి. వెలుగుచున్నది గదా యని, ఇంగ్లండు పచ్చికబయళ్ళలో వెలుగు పెంకుపురుగునకు ఇది బంధువని తలచిరి. పదునైదేండ్లు ఆ తలంపే నిలిచెను. 1886లో క్రైస్టుచర్చి నగరపు ఉపాధ్యాయు డొకడు దీనిని శ్రద్ధతో పరీక్షించి, ఇది పెంకుపురుగు పిల్ల గాదు, ఈగపిల్ల యని కనుగొనెను. కనుగొన్నవాడు బడిపంతు లగుట నాకు సంతోషమును సిగ్గును ఒక్కమాఱే కలిగించినది.

ఆ కాలముననే జార్జి వెర్నను హడ్సను అను యువకుడు దీనిపై దృష్టి నిలిపెను. ఇతడు వెల్లింగ్టనులో తపాలా కచేరి గుమాస్తా. పని ముగిసిన పిదప పురుగులను వెదకుట యతని వ్యసనము. వేసవిలో సాయంకాలపు వెలుతురు తనకు మఱికొంతసేపు దొరకవలెనను కోరికతో, గడియారములను ముందునకు జరుపవలెనని 1895లో నొక సభకు వ్యాసము సమర్పించినవాడు నితడే. నేడు ఎన్నో దేశములు వేసవిలో గడియారములను మార్చుకొనుటకు మూలమైన యాలోచనలలో నొకటి పురుగులు పట్టువాని సంచిలోనుండి వచ్చినదని విద్యార్థులు గుర్తుంచుకొనవచ్చును. 1890 ప్రాంతమున సిడ్నీలోని స్కూజ్ అను కీటకశాస్త్రజ్ఞుడు ఈ పురుగునకు మొదటి శాస్త్రీయనామ ముంచెను. 1924లో బ్రిటిషు మ్యూజియములోని ఎడ్వర్డ్సు, ఇది ఆ పాత ప్రజాతిలో నిముడదని నిర్ణయించి, దీనికొక క్రొత్త ప్రజాతిని ఏర్పఱచి "అరాక్నోకాంపా" యని పేరు పెట్టెను. గ్రీకుభాషలో మొదటి సగమునకు సాలెపురుగనియు, రెండవ సగమునకు గొంగళిపురుగనియు నర్థము. సాలెపురుగువలె వల పన్ను గొంగళి యన్నమాట. న్యూజీలండు మూలవాసులైన మావోరీలు దీనిని "టిటివై" యని పిలుతురు. పండితులకు దీని కులము తెలియకముందే వారికి దీని పేరు తెలియును.

ఇక దీని కుటుంబము. పుట్టగొడుగు ఈగలని కొన్ని సన్నని, పొడుగు కాళ్ళ ఈగలున్నవి. చూచుటకు దోమలవలె నుండునుగాని కుట్టవు. లోకమంతటను తేమగల చోట్ల నివి కలవు. మన యిండ్లలో పూలకుండీలకు నీరు ఎక్కువ పోసినప్పుడు మట్టిమీద ముసురు నల్లని చిన్న ఈగలును ఈ పెద్ద సమూహములోనివే. వీని పిల్లలు సామాన్యముగా బూజును, పుట్టగొడుగులను, క్రుళ్ళిన ఆకులను తిని పెరుగును. ఆ పేరు అందుచేతనే వచ్చినది. వానిలో నొక కుటుంబమునందలి కొందఱు పుచ్చిన మ్రాను క్రింద జిగట దారములతో పలుచని పొర అల్లుకొని, దానిపై రాలిన బూజు గింజలను ఏఱుకొని తిందురు. అరాక్నోకాంపా ఆ కుటుంబములోనిదే. ఐనను ఇది శాకాహారమును విడిచి వేటకు దిగినది. తాతలు తిండి యేఱుకొనుటకు అల్లిన జిగట పొరను మనుమడు గాలములుగా మార్చెను.

ఆ గాలముల సంగతి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది.

తల్లి యీగ తడిసిన గోడమీద నూఱుకు పైగా గుడ్లను గుంపులుగా పెట్టును. అవి ఆవగింజకంటె చిన్నవి. సుమారు మూడు వారములకు పిల్ల వెలువడును. వెలువడిన క్షణమునుండియు వెలుగుచునే యుండును. అప్పుడు దాని పొడవు ధాన్యపుగింజలో సగము. పూర్తిగా పెరిగినప్పుడు అంగుళమున్నర వఱకు నుండును. గుహ కప్పునకు అది తన నోటినుండి వచ్చు జిగటతో సన్నని గొట్టము వంటి ఊయెల కట్టుకొనును. అందులో ముందునకు వెనుకకు జాఱుచు తిరుగును. తలక్రిందులుగ మరలవలసివచ్చినప్పుడు తన శరీరము ప్రక్కనే తాను దూరిపోవును. ఈ ఊయెలనుండి దారములను క్రిందికి వ్రేలవిడుచును. దారము విడుచు విధము చూడదగినది. తలను ఊయెలనుండి బయటికి వంచి, ఒక జిగటబొట్టును వదలి, కొంచెము దారము సాగదీసి, మఱల నొక బొట్టును వదలును. ఇట్లు కొంత కొంతగా దింపుచు పోగా, పూసలు గ్రుచ్చిన తీగవలె నొక దారము వ్రేలును. ఒక పురుగు ఇట్టివి డెబ్బదివఱకు దింపగలదు. గాలి చొరని గుహలలో ఒక్కొక్క దారము అడుగు పొడవును, కొన్ని అంతకంటె నెక్కువయును ఉండును. అడవిలో వాగుగట్టు మీద నున్న పురుగుల దారములు అంగుళము రెండంగుళములకు మించవు. పొడుగు దారములు గాలికి ఊగి ఒకదాని కొకటి చుట్టుకొనిన యెడల మొత్తము వలయే చెడును. గాలి యెంత వీచునో అంతకు దారమును తగ్గించుకొనుట ఆ పురుగునకు ఎవరు నేర్పిరో చెప్పజాలను.

ఆ బొట్లు దేనితో చేయబడినవి? 2016లో ప్రకటింపబడిన పరిశోధనలో తేలిన దేమనగా, న్యూజీలండు జాతి బొట్టులో నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు నీరే. మిగిలిన యొక్క పాలే అంటించు శక్తి. ఇది గాలిలోని తేమను పీల్చుకొని నిలుచును; గాలి పొడిగా మాఱిన వెంటనే బొట్టు ఎండి జిగట పోవును. ఈ యొక్క విషయమును విద్యార్థులు మనస్సున నుంచుకొనవలయును. ఈ పురుగు ఎక్కడ బ్రదుకగలదు, ఎక్కడ బ్రదుకజాలదు అను ప్రశ్న యంతయు ఆ నీటిబొట్టులోనే యున్నది.

గుహ అడుగున పాఱు ఏటిలోనుండి చిన్న ఈగలు పుట్టి పైకి లేచును. చీకటిలో వానికి పైన వెలుగు చుక్కలు కనబడును. ఆకాశమనుకొని యటు ఎగిరి దారములకు తగులుకొనును. దారము కదలగనే పురుగు ఊయెలనుండి వంగి, ఆ దారమును నోటితో మ్రింగుచు పైకి లాగి, చిక్కిన దానిని తినివేయును. మన బావిదగ్గర చేద తోడు మనుష్యుని చూచినట్లే యుండును, త్రాటిని తినివేయుట యొక్కటి తప్ప! దోమ, ఈగ, చిమ్మట ఏది దొరికినను విడువదు. తన జాతి పెద్ద ఈగ దారిదప్పి తగులుకొన్నను విడువదు. ప్రక్కనున్న సోదరుడు మిక్కిలి సమీపమునకు వచ్చెనా, అతనితో పోరాడి యొక్కొక్కప్పుడు అతనినే తినును. కప్పుమీది చుక్కలు నక్షత్రములవలె ఎడమెడముగా నుండుటకు కారణము ఈ కలహమే గాని అందము కాదు.

ఇట్లు ఆఱునెలలనుండి ఏడాదివఱకు తినుటయే దాని పని. తరువాత ఊయెలను సవరించి, ఒక దారమున వ్రేలాడుచు కోశస్థదశలో సుమారు రెండు వారము లుండును. ఆ దశలోను వెలుగును. ఆడుది వెలువడబోవు వేళకు మగ యీగలు వచ్చి ఆ కోశమును పట్టుకొని కాచుకొని యుండును. ఱెక్కలు వచ్చిన యీగకు పనికివచ్చు నోరు లేదు, తినదు. బాగుగ ఎగురనేరదు. జతకట్టి, గుడ్లు పెట్టి, కొలది దినములలో చనిపోవును. జీవితములో తిన్న తిండి యంతయు పిల్లతనములోనే తిన్నది. మన విద్యార్థులలో కొందఱకు ఈ యేర్పాటు నచ్చవచ్చును.

వెలుగు సంగతికి వచ్చెదను. మిణుగురు వెలుగు పొట్టక్రింది ప్రత్యేకమైన యవయవములోనుండి వచ్చును. అది ఆరుచు వెలుగుచు జతను పిలుచు సంజ్ఞ. మన గుహవాసి వెలుగు ఆహారము కొఱకైనది. అది ఆరుచు వెలుగుచు నుండక నిలకడగా ప్రకాశించును. అది పుట్టు చోటు మఱియు వింతయైనది. పురుగుల శరీరములో మలినములను వడగట్టు సన్నని నాళములు కలవు. పదునేడవ శతాబ్దపు ఇటలీ వైద్యుడు మాల్పీజీ పేర వానిని మాల్పీజియను నాళములందురు. మనకు మూత్రపిండములెట్లో పురుగులకు ఇవి యట్లు. అరాక్నోకాంపా పిల్లలో ఈ నాళముల చివరలు తోకవైపున ఉబ్బి దీపములైనవి. వాని వెనుక గాలిగొట్టముల పొర యొకటి అద్దమువలె నిలిచి, వెలుగును క్రిందికి త్రిప్పును. వెలుగుటకు కావలసిన ప్రాణవాయువును ఇచ్చునదియు నా పొరయే. ఈ కాంతి నీలము ఆకుపచ్చ కలిసిన రంగు. దాని తరంగము పొడవు సుమారు 487 నానోమీటరులు. నానోమీటరనగా మీటరులో నూఱు కోట్లవ వంతు. మిణుగురు వెలుగు పసుపు కలిసిన ఆకుపచ్చ యగుటచే కంటికే భేదము తెలియును.

ఇచ్చట నొక చమత్కారము. వెలుగు పుట్టుటకు రెండు పదార్థములు కావలెను. ఒకటి మండు ద్రవ్యము, దానిని లూసిఫెరిన్ అందురు. రెండవది దానిని ప్రాణవాయువుతో కలుపు సాధకము, దానిపేరు లూసిఫెరేజ్. 2018లో న్యూజీలండు శాస్త్రజ్ఞులు ప్రకటించిన దానిని బట్టి, ఈ పురుగులోని సాధకము మిణుగురులోని సాధకమును పోలిన తెగలోనిదే. మండు ద్రవ్యము మాత్రము అంతకుముందు ఏ జీవియందును ఎఱుగని క్రొత్తది. అనగా రెండు వర్గముల పురుగులు, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండ, ఒకే తెగ పనిముట్టును వేఱు వేఱు నూనెలతో దీపము వెలిగించుటకు వాడుకొన్నవి. నేను ఆనాడు బాలునితో చెప్పిన తప్పుమాటలో వీసమెత్తు నిజమున్నదని తెలిసి కొంత తృప్తి పొందితిని.

ఈ దీపమును పురుగు తనంతట వెలిగించుటలేదు, ఆర్పుకొనుచున్నది. ఆస్ట్రేలియా జాతిమీద చేసిన పరిశోధనలలో పురుగునకు మత్తు పెట్టగా దీపము ఆరుటకు మాఱుగా నెక్కువగా వెలిగెను. మెదడు నరముల ద్వారా దీపమును అణచి యుంచుననియు, అణచుట మానినప్పుడు వెలుగుననియు దీనివలన తెలియుచున్నది. అడవిలోని పురుగులు పగలు ఆర్పుకొని రాత్రి వెలుగును. గుహలోపల పగలు రాత్రి భేదము లేదు. ఐనను టాస్మేనియా గుహలలో వేల పురుగులు ఇరువదినాలుగు గంటల కొకమాఱు అన్నియు కలిసి హెచ్చుచు తగ్గుచు వెలుగునట్లు గమనించిరి. సూర్యుని చూడనివి యొకదాని వెలుగు నొకటి చూచి కాలము కలుపుకొనును.

ఈ ప్రజాతి ఎక్కడెక్కడ నున్నది? న్యూజీలండులోను, ఆస్ట్రేలియా తూర్పు భాగములోను తప్ప లోకములో మఱెక్కడను లేదు. మన బొఱ్ఱా గుహలలో నున్నదా యని యదే బాలుడు అడిగెను. ఈ మాఱు తొందరపడక చూచి, లేదని చెప్పితిని. 2010 వఱకు నాలుగు జాతులకే పేళ్ళుండెను. ఆ యేట మఱి యైదింటిని వర్ణించుటతో మొత్తము తొమ్మిదియైనవి. న్యూజీలండు ఉత్తర దక్షిణ ద్వీపములు రెంటను కలిపి ఒక్కటే జాతి. మిగిలిన యెనిమిదియు ఆస్ట్రేలియావి. టాస్మేనియాలో నొకటి, విక్టోరియాలో ఓట్వే, గిప్స్‌లండు, బఫలో పర్వతము అను చోట్ల నొక్కొక్కటి, సిడ్నీకి పడమట నీలపర్వతములలో నొకటి, క్వీన్సులండులో మూడు. నీలపర్వత జాతికి, 1950లలో న్యూజీలండు పురుగు జీవితమును ఓపికతో పరిశీలించిన ఆయోలా రిచర్డ్సు అను విదుషీమణి పేరు పెట్టిరి.

ఈ పట్టికలో నన్ను ఎక్కువ ఆకర్షించినది బఫలో పర్వతపు జాతి. అది ఆ పర్వతముమీద గ్రానైటు బండల నడుమనున్న యొక గుహలో మాత్రమే కనబడినది. దాని దగ్గఱ బంధువులు ప్రక్కజిల్లాల జాతులు కావలెను గదా? కాదు. దాని సోదరజాతి సముద్రమున కావలనున్న టాస్మేనియాలోనిది. ఈగ చూడబోయిన సరిగా ఎగురలేనిది, నాలుగు దినములు బ్రదుకునది, గాలి యెండినచో చచ్చునది. అది సముద్రము దాటినదనుటకంటె, పూర్వకాలమున చల్లని తడి యడవులు విస్తారముగా నున్నప్పుడు దీని పూర్వులు ఆ ప్రాంతమంతట వ్యాపించియుండెననియు, దేశము ఎండిపోవుకొలది అడవులు ముక్కలై, పురుగులును ఆ ముక్కలలో చిక్కుకొన్నవనియు చెప్పుట సమంజసము. ఆస్ట్రేలియాకు న్యూజీలండునకు నడుమ రెండువేల కిలోమీటరుల సముద్రమున్నది. అచ్చటను నిట్లే, ఆ భూములు విడిపోకముందే దీని పూర్వులు అందుండిరని పండితుల యూహ.

మనుష్యుడు కట్టినది దీనికి పనికివచ్చిన సందర్భ మొకటి కలదు. నీలపర్వతముల యుత్తరమున న్యూన్సు అను చోట నూనెరాయి త్రవ్వకము కొఱకు 1907లో నొక రైలుమార్గము వేసి, కొండను తొలిచి సొరంగము చేసిరి. 1932లో ఆ మార్గమును మూసివేసిరి. పట్టాలు పోయినవి, నీరు ఊరినది, చీకటి నిలిచినది. సొరంగములో నీ పురుగులు కాపురమున్నవి. నేడు దానిపేరే వెలుగుపురుగుల సొరంగము.

దీనికి ప్రతికూలమైన కథ వైటోమోలో జరిగినది. వైటోమో న్యూజీలండు ఉత్తర ద్వీపములోనిది. ఆ మావోరీ పేరులో "వై" యనగా నీరు, "టోమో" యనగా బిలము. 1887లో టానే టినోరౌ అను మావోరీ నాయకుడును, ఫ్రెడ్ మేస్ అను ఆంగ్లేయుడైన సర్వేయరును కాడలతో తెప్ప కట్టుకొని, క్రొవ్వొత్తులు పట్టుకొని, ఏరు గుహలో దూరు చోటుననుండి లోపలికి పోయిరి. వారి కన్నులు చీకటికి అలవాటుపడిన పిమ్మట నీటిలో చుక్కలు కనబడెను; తలలెత్తి చూడగా కప్పంతయు వెలుగుచుండెను. 1889లో టినోరౌ గుహను యాత్రికులకు తెఱచి, తానును తన భార్యయు వారిని వెంటబెట్టుకొని చూపుచు రుసుము తీసికొనుచుండిరి. 1906లో ప్రభుత్వము గుహను తన యధీనము చేసికొనెను. 1989లో భూమియు గుహయు అతని సంతతివారికి మరల నిచ్చిరి. నేడు అచ్చట పనిచేయువారిలో ననేకులు టినోరౌ దంపతుల వంశీయులు.

యాత్రికులు పెరుగుటతో ఆపద వచ్చినది. మనుష్యుడు ఊపిరి విడుచునప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలువడును. అతని దేహపు వేడి గుహను వెచ్చజేయును. అతని దీపము నాచును పెంచును. వీటికంటె చెడ్డది గాలిరాకపోకల మార్పు. గుహకు పైన నొకటి, క్రింద నొకటి ద్వారములున్నవి. రెండును తెఱచియున్న యెడల పొయ్యిగొట్టములో వలె గాలి పాఱి, లోని తేమను లాగివేయును. 1970ల చివర నిట్లు గాలి యెండి, వెలుగు చుక్కలు మిక్కిలి తగ్గిపోయెను. పురుగులను ఎవరును చంపలేదు, ఎవరును ముట్టలేదు. నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు నీరైన ఆ బొట్టు ఎండినది, అంతే. జిగటలేని దారమునకు ఈగ చిక్కదు. ఈగ చిక్కనిచో పురుగు పస్తుండవలెను.

అప్పటినుండి పై ద్వారమున తలుపును వేయుట తీయుట గాలిని బట్టియే జరుగుచున్నది. గుహలో పలుచోట్ల యంత్రములుంచి గాలివేడిని, తేమను, బొగ్గుపులుసు వాయువును కొలుచుచున్నారు. ఆ వాయువు పది లక్షల పాళ్ళలో 2400 పాళ్ళకు మించరాదని కట్టడి చేసికొనిరి. పడవలో కూర్చున్నవారు మాటాడరాదు, దీపము వెలిగింపరాదు. పడవ నడుపువాడు తెడ్డు వేయక, పైన కట్టిన త్రాటిని చేతులతో పట్టి లాగుచు పోవును.

అగ్గిపెట్టెలోని మిణుగురును ఆనాడే బాలుడు బడితోటలో విడిచిపెట్టెను. అది మొదట గడ్డిలో కొంతసేపు కదలక కూర్చుండి, పిదప వెలుగుచు ఆరుచు బావివైపునకు పోయినదని అతడు నాతో చెప్పెను.